నాలుగు ఊళ్ళు, మూడు తండాలు, ఒకటే గుట్ట: అడవిని మళ్ళీ పెంచాలంటే పొత్తు ఎవరితో మొదలు పెట్టాలి?

గుట్టకింది_ఊరు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ నుంచి కృష్ణా నది వైపు వెళ్తుంటే వచ్చే గుట్టల కింద ఒక ఊరు. మా గుట్ట రికార్డుల్లో రిజర్వ్ ఫారెస్టు. మా తాత తప్పిపోయిన ఎద్దుల్ని వెతుక్కుంటూ లోపలికి పోతే ఎండ నేల మీద పడేది కాదని చెప్పేవాడు, ఇప్పుడు మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కితే కూర్చోవడానికి నీడ వెతుక్కోవాలి. పైన బండ, అంచుల్లో సర్కార్ తుమ్మ, మధ్యలో అక్కడక్కడా మోదుగ, తునికి, రేల, ఇక సీతాఫలం అయితే ఎక్కడ చూసినా ఉంటుంది. గుట్ట చుట్టూ నాలుగు ఊళ్ళు, మూడు తండాలు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తండాలు కూడా వేరే పంచాయతీలు అయ్యాయి, అది మంచిదే, కానీ గుట్టలో ఎవరి హద్దు ఎక్కడిదాకా అన్నది ఇంతవరకూ ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు.

మూడేళ్ళ కింద ఒక కంపెనీ వాళ్ళు సీఎస్ఆర్ డబ్బుతో, అంటే కంపెనీలు లాభంలోంచి సమాజ పనులకు పెట్టే డబ్బుతో వచ్చి మొక్కలు నాటించారు. ఆ రోజు గుంతలు తీసినవాళ్ళలో నేనూ ఉన్నాను. జులైలో నాటారు, ఫొటోలు దిగారు, సిమెంటు బోర్డు పాతారు. తర్వాత మార్చిలో వెళ్ళి చూస్తే ఊతకర్రకు కట్టిన పురికొస ఉంది, మొక్క లేదు. ఒకచోట ఎండిన పుల్ల పట్టుకుని లాగితే పాలిథిన్ కవరుతో సహా చేతికి వచ్చింది, కవరు కూడా విప్పకుండా గుంతలో పెట్టేశారు, లోపల వేరు గుండ్రంగా చుట్టుకుని ఎండిపోయి ఉంది. అది చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఇంకో సంస్థ వాళ్ళు వచ్చారు. ఈసారి ఏదో పది ఎకరాలు కాదు, గుట్ట మొత్తం చేద్దాం, ఏడు ఊళ్ళనీ కలుపుదాం అంటున్నారు. అటవీ శాఖ వాళ్ళు కూడా సుముఖంగానే ఉన్నారు. మా యువజన సంఘాన్ని లోకల్ పార్ట్‌నర్‌గా ఉండమని ఎంవోయూ (ఒప్పంద పత్రం) డ్రాఫ్టు చేతికి ఇచ్చారు. అందులో సంస్థ, శాఖ, మేము, మూడు సంతకాలే ఉన్నాయి. గొర్లు మేకలు కాసుకునేవాళ్ళ ఊసు ఒకే ఒక్క చోట ఉంది, "పశువుల మేతను నియంత్రించవలెను" అని. తండాల పేర్లు అసలే లేవు. నేను సంతకం పెడితే రేపు మేత ఆపడానికి నేనే కర్ర పట్టుకుని నిలబడాలి, ఆ మంద మా మేనమామది.

నాకు తెలియాల్సింది ఇదీ. ఇలాంటి పెద్ద పనికి ముందు ఎవరితో కూర్చోవాలి? అటవీ శాఖ ఊళ్ళో పెట్టిన పాత వన సంరక్షణ సమితిని లేపాలా, అటవీ హక్కుల చట్టం కింద పోవాలా? మూడేళ్ళ డబ్బుతో ముప్పై ఏళ్ళ పని ఎట్లా నడుస్తుంది? నెల రోజుల్లో సంతకం పెట్టమంటున్నారు, అదే టెన్షన్‌గా ఉంది. ఇట్లాంటి పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_సెక్షన్_ఆఫీసర్:

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్ళకు పైగా అటవీ శాఖలో చేసి రిటైరయ్యాను, అంతా మన పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే. పొత్తు సంగతి తర్వాత చెప్తాను, ముందు మొక్కల సంగతి, ఎందుకంటే పని ఏమిటో తేలకుండా ఎవరితో పొత్తు అన్నది తేలదు.

నువ్వు చెప్పిన చెట్ల పేర్లను బట్టి చూస్తే ఆ గుట్టకు బయట నుంచి మొక్క తేవాల్సిన అవసరం చాలా చోట్ల లేదు. ఒక మోదుగ మొదలు దగ్గర కూర్చుని చూడు. పైకి మోకాలెత్తు పొద, ఎనిమిదో పదో పిలకలు, ప్రతి పిలక కొసన మేక కొరికిన గుర్తు. కొంచెం తవ్వి చూస్తే కింద మొద్దు నీ తొడంత లావుంటుంది, దాని వయసు నీకంటే ఎక్కువే కావచ్చు. అంటే చెట్టు చచ్చిపోలేదు, ఏటా లేస్తోంది, ఏటా మనం లేవనివ్వడం లేదు. అందులో నిటారుగా, బలంగా ఉన్న పిలకలు రెండు ఉంచి మిగతావి పదునైన కత్తితో నేలకు ఆనించి కోసేసి, రెండు మూడు వానాకాలాలు పశువు నోటికి అందకుండా చూస్తే చాలు. నర్సరీ మొక్క ఇంకా వేరు పట్టుకునే తంటాలో ఉండగానే అది మనిషి ఎత్తు లేస్తుంది, ఎందుకంటే వేరు ఎప్పుడో లోపలికి దిగిపోయి ఉంది. తునికి అయితే వేరు నుంచే పక్క పిలకలు వేస్తుంది. దీన్ని శాఖలో ఏఎన్ఆర్ అని రాస్తాం, సహజంగా వచ్చే మొలకకు ఊతమివ్వడం అన్నమాట. ఖర్చు తక్కువ, ఫొటోకు మాత్రం ఏమీ కనిపించదు, అందుకే డబ్బిచ్చేవాళ్ళకు నచ్చదు.

నాటడమే వద్దని కాదు. మొదళ్ళు కూడా లేకుండా పోయిన చోట, పాత పోడు చెక్కల్లో, నల్లమద్ది, ఏగిస, నారేప లాంటి వాటికి తల్లి చెట్లే మిగలని చోట నాటాలి. మహబూబ్‌నగర్‌లో 2021లో మహిళా సంఘాల వాళ్ళు రెండు కోట్లకు పైగా విత్తన బంతులు (మట్టిలో విత్తనం పెట్టి చేసిన ఉండలు) చేశారు, అంతమంది చేతులు ఒక పని మీద పడటం నిజంగా గొప్ప విషయం. అంతే శ్రద్ధ విసిరిన తర్వాత మూడేళ్ళ మీద కూడా పెట్టాలి. బంతి మొలకెత్తడం ఒక వానతో అయిపోతుంది, మొలక బతకడానికి మూడు ఎండాకాలాలు దాటాలి.

రెండోది అగ్గి. ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైనప్పటి నుంచి మే దాకా మన గుట్టలన్నీ ఎండుగడ్డి వామి లాంటివే. అగ్గి దానంతటది పుట్టదు, ఎవరో ఒకరు పెడతారు, పెట్టేవాళ్ళకు కారణం ఉంటుంది. తునికాకు ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు, కాల్చితే లేత చిగురు బాగా వస్తుందని కొందరు ఫిబ్రవరి, మార్చిలోనే అంటిస్తారు, అదే పనికి కొమ్మ కొట్టడం చాలు, కాల్చనక్కర లేదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఊడ్చే బదులు అంటిస్తారు. కొత్త గడ్డి కోసం కొందరు. ఇంకా దారిలో పోతూ బీడీ విసిరేవాళ్ళు. ఒక్క అగ్గితో రెండేళ్ళ పిలకలు మళ్ళీ మొదటికొస్తాయి. ఆకు రాలగానే ఫైర్ లైన్లు, అంటే అగ్గి దాటకుండా ఆకు తీసేసిన బాటలు, ఊడ్వాలి, అది కూడా ఊళ్ళ వాళ్ళతోనే, ఎక్కడ ఎవరు అంటిస్తారో వాళ్ళకే తెలుసు కాబట్టి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు శాటిలైట్ చూసి ఫోనుకు మెసేజ్ పంపిస్తారు, అది పెట్టుకోండి, కానీ శాటిలైట్ మన మీదుగా పోయేది రోజుకు కొన్నిసార్లే, మెసేజ్ వచ్చేలోపు గుట్ట సగం కాలి ఉంటుంది. గుట్ట మీద ఉన్న మనిషి చేసే ఫోనే ముందు అందుతుంది.

ఇక కాగితాల సంగతి. రిజర్వ్ ఫారెస్టులో పని అంటే పదేళ్ళకోసారి రాసుకునే వర్కింగ్ ప్లాన్ ప్రకారమే జరుగుతుంది. ఎంవోయూలో మీరు ఎంత బాగా రాసుకున్నా ప్లాన్‌లో లేని పని కదలదు. ముందు డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు వెళ్ళి మీ గుట్ట కంపార్ట్‌మెంట్ నంబర్లు, అంటే శాఖ అడవిని విడగొట్టి పెట్టుకున్న ముక్కల నంబర్లు, ప్లాన్‌లో దానికి ఏం రాశారో కనుక్కో. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు పెట్టాలి, కానీ ఒక ప్రాజెక్టును మొదలు పెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళు మాత్రమే సాగదీయగలరు, 2021 నుంచి మూలనిధి కింద జమ చేయడానికి కూడా కుదరదు. అందుకని ఆ డబ్బును ఒక్కసారితో అయిపోయే పనులకు వాడుకో, రాళ్ళకట్టలు, ఊటకుంటలు, సర్కార్ తుమ్మ తీయడం, నర్సరీ, శిక్షణ. ఏటేటా నడవాల్సిన కాపలాకు, ఫైర్ లైన్లకు శాఖ కాంపా నిధుల్లోంచి, అంటే పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి కట్టించుకునే డబ్బులోంచి, మాట తీసుకో. ఈ రెండూ కలిపి ఒక కాగితం మీద ఉండాలి, ఎవరు ఏ ఏడాది దాకా అన్నది స్పష్టంగా.

వన సంరక్షణ సమితులు మన దగ్గర 1992 తర్వాత వచ్చాయి, 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మళ్ళీ ఊపొచ్చింది. పని జరిగింది, నేనే దగ్గరుండి చేయించాను, కొన్ని గుట్టలు నిజంగా లేచాయి. డబ్బు ఆగగానే చాలా సమితులు ఆగాయి. అయినా నా సలహా సమితిని లేపమనే. దానికి పాత రికార్డు ఉంటుంది, శాఖకు అలవాటైన దారి, తొందరగా పని మొదలవుతుంది.

మందవెనక:

అన్నా, మీ డ్రాఫ్టులో "నియంత్రించవలెను" అన్నారు చూడు, ఆ ఒక్క మాటకే ఇది రాస్తున్నాను. మా నాయన గొర్లు కాస్తాడు, మాకు కొన్ని మేకలు కూడా ఉన్నాయి. నేను పట్నంలో డ్రైవర్‌ను, సెలవులకు వస్తే మంద వెనక నేనే పోతాను. మాది మీ గుట్టకు అవతలి పక్క ఊరు, మీరు చెప్పిన నాలుగు ఊళ్ళలో ఒకటి అనుకుంటున్నా.

మేమేదో అడవి మీద పగబట్టి మేపుతున్నట్టు మాట్లాడతారు అందరూ. ఒక్కసారి మా ఏడాది చూడండి. దసరా దాటి చేన్లు ఖాళీ అయ్యాక మంద చేన్లలోకి పోతుంది, రైతులే పిలిచి మంద కట్టించుకుంటారు, ఎరువు కోసం. తర్వాత ఎండలు ముదిరే ముందు సాగర్ ఎడమ కాలువ కిందికి, మిర్యాలగూడ వైపు వలస పోతాం, వరి కోసిన మళ్ళలో మేపడానికి. మళ్ళీ తొలకరికి ఇంటికి వస్తాం. అప్పుడు ఊరంతా పత్తి, కంది, ఆముదం చేన్లే, గెట్టు మీద అడుగు పెడితే గొడవ. జూన్ నుంచి దాదాపు నాలుగు నెలలు మాకు గుట్ట తప్ప వేరే దిక్కు లేదు. మీ మొక్కలు నాటేది, సార్ చెప్పిన పిలకలు లేచేది కూడా అదే నాలుగు నెలలు. గొడవంతా ఏడాది పొడుగునా కాదు, ఆ నాలుగు నెలలదే. ఆ సంగతి మాట్లాడకుండా మేత నియంత్రణ అని రాసుకుంటే రాసుకున్నవాళ్ళకు కాగితం మిగులుతుంది, మాకు కేసులు మిగులుతాయి.

2017లో గొర్రెల పంపిణీ పథకం వచ్చింది, 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. మా ఊళ్ళో చాలా ఇండ్లకు వచ్చాయి, మాకు మేలే జరిగింది. గొర్రెలు ఇచ్చారు గానీ అవి మేసే భూమి గురించి ఎవరూ అడగలేదు. బీడు భూములన్నీ అంతకు ముందే పత్తి చేన్లు, వెంచర్లు అయిపోయాయి.

మా నాయనను అడిగాను, గుట్టను కొంత మూసేస్తే ఏం చేస్తావని. ఆయన చెప్పింది ఇదీ. గుట్టను ఐదు ముక్కలు చేయండి. ఒక ముక్క మూడేళ్ళు మూయండి, నాలుగు తెరిచి ఉంచండి, పిలకలు మనిషి ఎత్తు దాటాక అది తెరిచి ఇంకోటి మూయండి. ఏది ముందు మూయాలో కాసేవాళ్ళను అడిగి నిర్ణయించండి, నీళ్ళ గుంట ఉన్న ముక్కను మూస్తే మాత్రం ఎవరం ఒప్పుకోం. మూసిన దాంట్లో గడ్డి కోసుకుని నెత్తి మీద తెచ్చుకోనివ్వండి, మంద లోపలికి రాదు. గొర్రె గడ్డి మేస్తుంది, మేక ఆకు మేస్తుంది, రెండింటికీ ఒకటే నియమం పెట్టకండి, మూసి తెరిచిన ముక్కలో మొదటి ఏడాది గొర్రెలనే పోనివ్వండి. చెట్లెక్కి దోటితో కొమ్మలు నరకడం ఆపుతాం, అది మా తప్పే, మా నాయన కూడా ఒప్పుకున్నాడు. ఇవన్నీ కాగితం మీద రాసి మా సంఘం పెద్దమనుషుల సంతకాలు కూడా తీసుకోండి. సంతకం పెట్టినోడు మాట తప్పితే దండుగ మేమే కట్టిస్తాం. కట్టించగలం కూడా.

తండా_సంఘం_అక్క:

నేను చందంపేట వైపు ఒక తండాలో మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. గుట్టకింది ఊరు తమ్ముడూ, మీరు తండాల పేర్లు లేవని గమనించినందుకు సంతోషం, కానీ పేర్లు రాసినంత మాత్రాన కాదు.

గుట్టకు రోజూ పోయేది ఆడవాళ్ళం. గ్యాస్ ఉంది, కానీ సిలిండర్ ధర చూసి నీళ్ళు కాచుకోవడానికి, గొడ్లకు కుడితి పెట్టడానికి ఇంకా కట్టెలే. ఎండాకాలం తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట, తెల్లవారకముందే పోయి కోసుకొచ్చి మధ్యాహ్నం దాకా కట్టలు కడతాం, నారతో వేళ్ళు కోసుకుపోతాయి. వానలు తగ్గాక సీతాఫలం. ఈ మూడూ ఆగకుండా అడవి ఎట్లా పెంచుతారో మీటింగులో చెప్పమనండి, ఎవరైనా చెప్తే మేమే ముందు నిలబడతాం.

సీతాఫలం గురించి ఒక మాట. మేక దాన్ని ముట్టుకోదు, ఆకు వాసన దానికి పడదు. మీ గుట్ట నిండా అదే మిగలడానికి కారణం కూడా అదే. చాలామంది దాన్ని అడవి చెట్టు కింద లెక్కపెట్టరు, నరికి వేరేవి నాటుదామంటారు. నరకనివ్వకండి. మా దగ్గర సీతాఫలం పొదల మధ్యలో చూస్తే తునికి, రేల పిల్లమొక్కలు మేకకు అందకుండా లేచి ఉంటాయి, ముళ్ళకంచె చేసే పని అది చేస్తోంది. బాలానగర్ సీతాఫలానికి అంత పేరుంది, మన గుట్ట కాయ కూడా రుచికి తక్కువేం కాదు, కానీ మేం గంపల్లో రోడ్డు మీద పెట్టుకుని అమ్ముతాం, లేదంటే వ్యాపారి వచ్చి కన్ను విప్పని పచ్చి కాయను కూడా కోయించి ట్రాలీ నింపుకుని పోతాడు. కన్ను తెల్లబడ్డాకే కోయాలని ఏడు ఊళ్ళు ఒక తేదీ పెట్టుకుంటే చాలు, ధర మన చేతిలోకి వస్తుంది. ఏడు ఊళ్ళ పొత్తు అంటున్నారు కదా, మొదటి ఒప్పందం దీని మీద చేసుకోండి, ఎవరూ ఏమీ పోగొట్టుకోని ఒప్పందం ఇది, కలిసి కూర్చోవడం అలవాటవుతుంది.

డబ్బు గురించి. ఇంతకు ముందు ఒక సంస్థ వాళ్ళు మా సంఘంతో నర్సరీ వేయించారు. ఎండల్లో బిందెలతో నీళ్ళు మోసి మొక్కలు బతికించాం. మొక్కలు లారీ ఎక్కిన ఎనిమిది నెలలకు డబ్బు వచ్చింది, అది కూడా కొంత కోత పెట్టి. ఆ ఎనిమిది నెలలు ఆడవాళ్ళు నా ఇంటికి వచ్చి అడుగుతుంటే నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? కాబట్టి ఎంవోయూలో రాయించండి, పని అయిన పదిహేను రోజుల్లో కూలి, పేరుపేరునా బ్యాంకు ఖాతాలో. జమా ఖర్చులు నెలకోసారి తండాలో చదివి వినిపించాలి, చదువు రాని వాళ్ళకు అర్థమయ్యేట్టు, లంబాడీలో చెప్పినా సరే. ఇంకోటి, మీటింగ్ పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసులో పెడితే మేం రాలేం, కూలికి పోతాం. రాత్రి వంటలయ్యాక తండాలో పెట్టండి, మేం ఎంతమంది వస్తామో అప్పుడు చూడండి.

అమ్రాబాద్_దారి:

నేను అచ్చంపేట, మన్ననూరు వైపు చెంచు పెంటల్లో (అడవిలోని చెంచుల చిన్న ఊళ్ళలో) కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. సెక్షన్ ఆఫీసర్ గారు అడవి గురించి చెప్పింది అక్షరాలా నిజం, మోదుగ మొదలు సంగతి మా దగ్గర కూడా అంతే. కానీ వన సంరక్షణ సమితిని లేపమన్న మాటతో ఏకీభవించలేను సార్, క్షమించండి.

సమితి అనేది శాఖ ఇచ్చిన ఏర్పాటు. ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా తీసుకోవచ్చు, లేదా ఊరికే వదిలేయొచ్చు, మీరే చెప్పారు డబ్బు ఆగితే ఆగిందని. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఐ) అని ఒక్క వాక్యం ఉంది, ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని రక్షించడానికి, తిరిగి పెంచడానికి, యాజమాన్యం చేయడానికి హక్కు గ్రామసభదని. అది పథకం కాదు, హక్కు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖ ఊరు 2009లో ఈ హక్కు తీసుకుంది, తర్వాత వాళ్ళ వెదురు వాళ్ళే అమ్ముకుని ఆ డబ్బుతో వాళ్ళే అడవి పనులు చేసుకుంటున్నారు. అది తెలంగాణకు అవతలే ఉంది, వీలైతే ఏడు ఊళ్ళ నుంచి ఇద్దరిద్దరు వెళ్ళి చూసి రండి, సంస్థ డబ్బు పెడతానంటే మొదటి ఖర్చు దానికే పెట్టించండి.

పని ఎట్లా నడుస్తుందంటే, గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి, తండా అక్క చెప్పిన రాత్రి మీటింగ్ ఎందుకు ముఖ్యమో దీన్ని బట్టి చూడండి. ఈ హక్కు అడిగే దరఖాస్తు ఫారం-సి నింపాలి, హద్దులు పెద్దవాళ్ళతో నడిచి గీసుకోవాలి, ఆధారాలు కనీసం రెండు. తండా వాళ్ళు ఎస్టీలు కాబట్టి 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఉన్నట్టు చూపిస్తే చాలు. గొల్లలకూ మిగతా కులాలకూ 75 ఏళ్ళ ఆధారం అడుగుతారు, మంద దారులు, పాత దొడ్లు, గుట్ట మీద మొక్కుకునే దేవర, పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ పనికొస్తాయి. తర్వాత సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ. నెల రోజుల్లో అయ్యేది కాదు, ఆ మాట మీకు సూటిగా చెప్తున్నాను. మీ హద్దుల గొడవ కూడా ఈ నడకలోనే తేలుతుంది, ఏడు ఊళ్ళూ ఒకటే గుట్ట వాడుకుంటాయి కాబట్టి ఉమ్మడిగా ఎక్కడెక్కడ అన్నది అప్పుడే రాసుకోవచ్చు. 2023లో పోడు పట్టాలు వచ్చినవాళ్ళు మీ దగ్గర ఉంటే ఆ చెక్కల్ని ముందే పక్కకు పెట్టి గీయండి, లేకపోతే అడవి పెంచుతామనగానే భూమి గుంజుకుంటారన్న భయం మొదలవుతుంది, ఆ భయంతోనే కాలిపోయిన గుట్టలు చూశాను.

చెంచులు తేనె తీసేది చూశారా ఎప్పుడైనా? కొండ అంచు నుంచి తాడు కట్టుకుని కిందికి దిగుతారు, పొగ పెట్టి తేనెతుట్టె కోస్తారు, కొంత ఈగలకు వదిలేస్తారు. పైన తాడు పట్టుకునేది చాలావరకు బావమరిది. వాళ్ళను అడిగితే, తన అక్కాచెల్లెళ్ళ బతుకు ఆ తాడు మీద ఉంది కాబట్టి వాడు వదలడు అంటారు. నేను ఏ ఒప్పందం చూసినా ముందు ఇదే వెతుకుతాను, తాడు చేయి జారితే నష్టపోయేవాడు తాడు పట్టుకున్నాడా లేదా అని. మీ డ్రాఫ్టులో ఉన్న మూడు సంతకాల్లో గుట్ట కాలిపోతే ఆ ఎండాకాలం ఇబ్బంది పడేది ఎవరు? మంద వాళ్ళు, కట్టెల కోసం పోయే ఆడవాళ్ళు. వాళ్ళే అందులో లేరు.

పాత_సెక్షన్_ఆఫీసర్:

అమ్రాబాద్ వారూ, క్షమించడానికేముంది, మీ మాటలో న్యాయం ఉంది. సమితులు ఎందుకు ఆగాయో లోపలి నుంచి చూసినవాణ్ణి. ఒకటే చెప్తాను, హక్కు పత్రం వచ్చేదాకా గుట్టను ఖాళీగా ఉంచితే ఆ లోపల రెండు మూడు ఎండాకాలాల అగ్గి దానికి తగులుతుంది. దరఖాస్తు నడుస్తూ ఉండగానే ఫైర్ లైన్లు, పిలకలు తీయడం మొదలు పెట్టొచ్చు, దానికి హక్కు పత్రం అడ్డు కాదు. ఎంవోయూలో మాత్రం ఒక వాక్యం రాయించు తమ్ముడూ, హక్కు వచ్చిన రోజు నుంచి ఈ ఒప్పందం గ్రామసభలకు బదిలీ అవుతుందని.

మూసీ_గట్టు:

సూర్యాపేట వైపు నుంచి ఒక్క మాట. మన నేలలో ఏం లేస్తుందన్న అనుమానం ఎవరికైనా ఉంటే మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ గారి 70 ఎకరాల అడవిని చూపించండి. ఫ్లోరైడ్ నీళ్ళ మీద పోరాడిన మనిషి, సొంత భూమిలో మన చెట్లనే పెంచి, కుంటలు తవ్వి, కాయ కోయకుండా పక్షులకు వదిలేశాడు. అది ఒక్క మనిషి సొంత భూమి, మీది ఏడు ఊళ్ళ ఉమ్మడి గుట్ట, కాబట్టి పద్ధతి వేరే. కానీ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళి లోపల నిలబెట్టండి. ఇంకో సంగతి, పని మొదలు పెట్టక ముందే గుట్ట మీద ఓ ఇరవై చోట్ల రాళ్ళకు రంగు వేసి గుర్తు పెట్టుకోండి, ఏటా అదే రాయి మీద నిలబడి, అదే నెలలో, అదే దిక్కుకు ఫొటో తీయండి. రాయి పక్కన పది మీటర్ల చదరంలో ఎన్ని మొలకలు, ఎంత ఎత్తు, హైస్కూల్ పిల్లలతో లెక్క పెట్టించండి. నాటిన సంఖ్య కాదు, మిగిలిన సంఖ్య మీ చేతిలో ఉంటే తర్వాత ఎవరొచ్చినా మీరే వాళ్ళను ప్రశ్నలు అడగొచ్చు.

గుట్టకింది_ఊరు:

ఇన్ని సంగతులు ఒక్క చోట చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు ఇవన్నీ మళ్ళీ మళ్ళీ చదివాను, మా సంఘం వాళ్ళతో కూర్చున్నాను.

సంస్థ వాళ్ళకు ఫోన్ చేసి నెల రోజుల్లో సంతకం కుదరదని చెప్పేశాను. కోపం చేస్తారనుకున్నాను, వాళ్ళు సరే అన్నారు, దీపావళి దాకా ఆగుతామన్నారు. రెండు తండాల్లో రాత్రి మీటింగ్‌లు ఈ వారమే పెడుతున్నాం, మూడో తండా వాళ్ళతో మాట్లాడాలి. సీతాఫలం తేదీ సంగతి ముందు పెడదామని అనుకున్నాం, అక్క చెప్పినట్టు. డీఎఫ్ఓ ఆఫీసులో కంపార్ట్‌మెంట్ నంబర్లు అడిగాను, సోమవారం తర్వాత రమ్మన్నారు. నిన్న సాయంత్రం మా మేనమామతో గుట్ట మీదికి పోయి ఒక మోదుగ మొదలు దగ్గర తవ్వి చూశాను. సార్ చెప్పింది నిజమే, నా తొడకంటే లావుంది. మా మామ చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత దాని పక్కన రాళ్ళు పేర్చి వచ్చాడు.

మందవెనక తమ్ముడూ, ఐదు ముక్కల మాట మీ నాయన నోటి నుంచే వినాలని ఉంది. ఏది ముందు మూయాలో, నీళ్ళ గుంటలు ఎక్కడున్నాయో ఆయనతో నడిచి రాసుకుంటాను, వీలవుతుందా?

మందవెనక:

వీలవుతుంది అన్నా. నాయనకు చెప్పాను, మంద ఇప్పుడు గుట్టకు మీ వైపే ఉంది, పాత దొడ్డి దగ్గర రాత్రి పడుకుంటున్నారు. ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా రండి, ఎండెక్కితే ఆయన ఒక్కచోట నిలబడడు. మీ మామను కూడా తోలుకురండి, ఇద్దరికీ పాత పరిచయమే. చెప్పులు గట్టివి వేసుకోండి, నీళ్ళ గుంట దారి పొడుగునా సర్కార్ తుమ్మ ముళ్ళే.